కాసులమ్మ అడిగిన రిపోర్టు

త్రినాధరావు బెల్లం మార్కెట్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కాసులమ్మ తను పనిచేసే కొట్టు వెనక రేకుల నీడలో కూర్చుని క్యారేజీ మూత విప్పుతోంది. పొద్దున్న ఆరు నుంచి దిమ్మలు దించి, వరసలు పేర్చి, పట్టాలు కప్పిన చేతులు. రెండుసార్లు కడిగినా జిగట వదల్లేదు. అతన్ని చూసి లేవబోయింది గాని నడుం సహకరించలేదు. కూర్చునే పైట సర్దుకుంది.

త్రినాధరావు ఆమె భర్త చిన్నబాబుకి పెదనాన్న కొడుకు. మునగపాక మండలంలో పార్టీ పనులు చూస్తాడు. పాతికేళ్ళుగా ఒకే పార్టీ. ఆ పార్టీ గెలిచినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు, ఓడినప్పుడు టెంట్ల కింద కూర్చుంటాడు. రెండేళ్ళుగా టెంట్ల కిందే ఉన్నాడు. అరవై దగ్గర పడింది. షుగరుంది, ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పి చెప్పి ఊరుకున్నాడు.

వచ్చిన పని ఆమె అడక్కముందే చెప్పాడు. ఫ్యాక్టరీల్లో జరిగే ప్రమాదాల విచారణకి ప్రభుత్వం కొత్తగా ఒక ట్రిబ్యునల్ పెట్టింది. దానికి చైర్మన్‌గా ఒక రిటైర్డు జడ్జిని వేసింది. ఆ జడ్జి మరెవరో కాదు, ఎనిమిదేళ్ళ కిందట చిన్నబాబు పోయిన ప్రమాదం మీద కమిషన్‌గా కూర్చున్నాయనే. ఫ్యాక్టరీని వెనకేసుకొచ్చిన మనిషికి ఇంత పదవి ఎలా ఇస్తారని తమ పార్టీ రాష్ట్రమంతా దీక్షలు చేస్తోందట. అనకాపల్లిలో రేపటి నుంచి నెహ్రూచౌక్ దగ్గర టెంటు వేస్తున్నారు. మాజీ మంత్రి గారే స్వయంగా వచ్చి కూర్చుంటారు.

"నువ్వొచ్చి తమ్ముడి ఫొటో పట్టుకుని కూసోవాల," అన్నాడు. "నీ కంటే అడగదగ్గ మనిసి ఈ జిల్లాలో ఎవులున్నారు?"

కాసులమ్మ అన్నం కలుపుకుంది. ఆ టెంటు ఆమెకి కొత్త కాదు. ప్రమాదం జరిగిన మరుసటి ఏడు అదే చౌక్‌లో, అదే ఫొటోతో మూడు రోజులు కూర్చుంది. అప్పుడు టెంటు వేసింది ఇప్పటి పాలక పక్షం. అప్పటి ప్రభుత్వం త్రినాధరావు వాళ్ళది. కమిషన్ రిపోర్టు తొక్కిపెట్టేశారని, తాము వస్తే మొదటి రోజే బయటపెడతామని వాళ్ళ నాయకులు మైకులో చెప్పారు. రెండేళ్ళ కిందట వాళ్ళు వచ్చారు. రిపోర్టు రాలేదు. ఇప్పుడు ఆ జడ్జినే పిలిచి కుర్చీ వేశారు.

చిన్నబాబు సముద్రం వైపున్న ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసేవాడు. ఒక మధ్యాహ్నం ట్యాంకు వాల్వు దగ్గర నుంచి గ్యాసు లీకైంది. నలుగురు పోయారు. కమిషన్ ఏడు నెలలు విచారించి రిపోర్టు ఇచ్చింది. అది ఎవరూ చూడలేదు. ప్రభుత్వం దాని సారాంశమని ఒక చిన్న ప్రకటన చేసింది. 'ప్రమాదానికి మానవ తప్పిదం కారణం' అని పేపర్లో వచ్చింది. రెండు నెలల్లో ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు.

వాల్వు దగ్గర డ్యూటీలో ఉన్నది చిన్నబాబు. కాబట్టి ఆ తప్పిదం చేసిన మానవుడెవరో ఎవరూ పేరు పెట్టి చెప్పాల్సిన పని లేకపోయింది. పోయిన మిగతా ముగ్గురి ఇళ్ళవాళ్ళూ ఆమెతో మాట్లాడ్డం మానేశారు. కశింకోటలో చిన్నమ్మలని ఒకామె ఉంది. ఆమె భర్త పరదేశి చిన్నబాబు కింద హెల్పరు. రెండు కుటుంబాలూ ఒక ఇంట్లో కూర ఇంకో ఇంటికి పంపుకునేంత దగ్గరగా ఉండేవి. ప్రమాదం తరవాత ఒకసారి ఆసుపత్రి మెట్ల మీద ఎదురైతే చిన్నమ్మలు మొహం తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది. కాసులమ్మ ఆమెని తప్పు పట్టలేదు. తప్పు పట్టడానికి తనకి మాత్రం ఏం తెలుసు? బాగా అలిసిపోయి ఇంటికొచ్చిన రోజుల్లో తనకే అనుమానం వచ్చేది. నిజంగానే ఆ మనిషి ఏదైనా తిప్పకూడనిది తిప్పాడేమో. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు. కూతురితో కూడా.

"వత్తాను బావా," అంది చివరికి. "గాని నాకా రిపోర్టు కావాల. పేపర్లో ఏసిన ముక్క కాదు. మొత్తం."

త్రినాధరావు తల గోక్కున్నాడు. అప్పట్లో ఫ్యాక్టరీల శాఖ చూసింది మాజీ మంత్రి గారే గనక ఆయన దగ్గర ఉండే ఉంటుందని, అడిగి ఇప్పిస్తానని అన్నాడు. ఆ అనడంలో పెద్ద నమ్మకం లేదు. కాసులమ్మ కూడా పెద్దగా నమ్మలేదు. అయినా మర్నాడు పని మానేసి వెళ్ళింది.

టెంటు కింద ముప్ఫై కుర్చీలు. ముందు వరసలో పరుపులు వేసి, తెల్లదుప్పట్లు పరిచారు. వెనకాల పెద్ద ఫ్లెక్సీ మీద జడ్జి గారి మొహం, దాని మీద ఎర్రగా అడ్డ గీత. ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు విసురుకుంటూ కూర్చున్నారు. షేర్ ఆటోలు దారి లేక హారన్లు కొడుతున్నాయి. పదకొండింటికి మాజీ మంత్రి వచ్చి, దండ వేయించుకుని, అరగంట మాట్లాడాడు. నియామకం రద్దు చేసేదాకా పోరాటం ఆగదన్నాడు. పన్నెండున్నరకి ఇంకో ఊళ్ళో టెంటుందని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు సాయంత్రం దాకా నినాదాలు చేశారు. కొంతసేపటికి గొంతులు పోయి, నినాదం సగంలోనే ఆగిపోయేది.

కాసులమ్మ ఫొటో ఒళ్ళో పెట్టుకుని ఫ్లెక్సీ వైపు చూస్తూ కూర్చుంది. ఆ మొహాన్ని ఆమె దగ్గర నుంచి చూసింది. గెస్టు హౌసులో కమిషన్ కూర్చున్నప్పుడు సాక్ష్యం చెప్పమని పిలిచారు. వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన రాస్తున్నది ఆపి, కూర్చోండమ్మా అన్నాడు. కుర్చీ లేదు. తెప్పించి వేయించి, ఆమె కూర్చున్నాకే మొదటి ప్రశ్న అడిగాడు. చిన్నబాబు పోవడానికి ముందు వారం రోజులూ ఇంట్లో ఏమన్నాడో ఆమె చెప్పింది. ఆ వాల్వు సరిగా పట్టడం లేదని, షిఫ్టు పుస్తకంలో రాస్తున్నా ఎవరూ చూడ్డం లేదని అతను అన్న మాట చెప్పింది. మొగుడు అన్నాడని పెళ్ళాం చెప్పేది సాక్ష్యమెలా అవుతుందని ఫ్యాక్టరీ ప్లీడరు అడ్డం వచ్చాడు. చెప్పనివ్వండి అని జడ్జి గారు అతన్ని ఆపాడు. ఆమె చెప్పిందంతా తన చేత్తో తనే రాసుకున్నాడు. అలా రాసుకున్న మనిషి చివరికి ఫ్యాక్టరీ వైపు ఎలా రాశాడో ఆమెకి ఎనిమిదేళ్ళుగా అర్థం కాలేదు.

ఆ సాయంత్రం రిపోర్టు సంగతి అడిగితే త్రినాధరావు రేపన్నాడు.

రెండో రోజు పార్టీ ఆఫీసు కుర్రాళ్ళు ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. మైకులో చదవాలట. ఏడో క్లాసు దాకా చదువుకుంది గనక ముందు తనలో తను చదువుకుంది. ఈ జడ్జి చేతులకి నా భర్త నెత్తురు అంటి ఉంది, అని ఉంది మొదటి వాక్యం. తక్కినదీ ఆ ధోరణిలోనే ఉంది. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. పిలిచినప్పుడు లేచి మైకు ముందుకి వెళ్ళింది. మాజీ మంత్రి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. కేబుల్ టీవీవాళ్ళు కెమెరా తిప్పారు.

"ఈ జడ్జీ బాబు ముందు నాను సాచ్చికం సెప్పేను," అంది. "నన్ను కూసోమన్నాడు. నా మాట రాసుకున్నాడు. ఆ తరవాతేటి రాసేడో నాకు తెల్దు. ఇక్కడ కూసున్నోలికి తెలుసో నేదో అదీ తెల్దు. సదివినోలెవులైనా ఉంటే నాకు సెప్పండి. అడగడానికే వచ్చేను."

అంతే చెప్పి వెనక్కి వచ్చి కూర్చుంది. తరవాత ఎవరో నినాదం ఎత్తుకున్నారు. కేబుల్ టీవీ విలేకరి మాజీ మంత్రి దగ్గరికి వెళ్ళి, మీరే కదా అప్పటి మంత్రి, రిపోర్టు మీరు చదివారా అని అడిగాడు. క్షుణ్ణంగా చదివానని, సమయం వచ్చినప్పుడు మాట్లాడతానని ఆయన చెప్పాడు.

వెళ్ళేటప్పుడు ఆయన ఆమెని కారు దగ్గరికి పిలిపించాడు. లోపల కూర్చోమన్నాడు. చల్లగా ఉంది. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు కళ్ళు నులుముకున్నాడు. దగ్గర నుంచి చూస్తే టీవీలో కంటే పదేళ్ళు పెద్దగా కనిపించాడు.

"నిజం చెప్పనా అమ్మా? నేనది చదవలేదు. ఫైలు పైన రెండు పేజీల నోటు పెట్టి తెచ్చారు. ఆ నోటు మీదే సంతకం పెట్టాను. రోజుకి అలాంటివి నలభై వచ్చేవి."

నాలుగు ప్రాణాలు అని కాసులమ్మ మనసులో అనుకుంది.

పాత ఫైళ్ళలో ఒక కాపీ ఉండాలని, వెతికించి పంపిస్తానని ఆయన అన్నాడు. అందులో ఫ్యాక్టరీని సమర్థించిన చోట్లు గుర్తులు పెట్టి త్రినాధరావుకి ఇస్తే తమకీ ఉపయోగమన్నాడు. ఆ మాటతో ఆమెకి నమ్మకం కుదిరింది. ఆయనకి కూడా అవసరం ఉంది గనక పంపిస్తాడు.

శనివారం పొద్దున్న త్రినాధరావు బైకు మీద వచ్చి కవరు ఇచ్చి వెళ్ళాడు. తొంభై ఆరు పేజీలు. అంతా ఇంగ్లీషు. అట్ట మీద దుమ్ము తుడిచిన చార ఉంది. లోపల పేజీలు ఎక్కడా నలగలేదు.

కూతురు సుప్రియకి ఆదివారం సెలవు. ఆమె అనకాపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. తండ్రి పోయినప్పుడు ఎనిమిదో క్లాసు. మీ నాన్న వల్లే మా నాన్న చచ్చిపోయాడని ఎవరో ఒక పిల్ల బడిలో అంటే, ఇంటికొచ్చి చెప్పకుండా స్కూలు మారతానని మాత్రం అంది. ఇప్పుడు నేల మీద చాప వేసుకుని, పక్కన ఫోను పెట్టుకుని, తెలియని మాటలు వెతుక్కుంటూ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. కాసులమ్మ గుమ్మం దగ్గర కూర్చుంది. కొన్ని పేజీలకొకసారి సుప్రియ తల ఎత్తి, ఇక్కడంతా ఫ్యాక్టరీ ఎలా కట్టారో రాశారు, ఇక్కడ మిషన్ల సంగతి, అని చెబుతూ వచ్చింది. యాభయ్యో పేజీ దాటేసరికి రెండు గంటలు పట్టింది. కాసులమ్మకి కునుకు పట్టింది.

"అమ్మా," అన్న పిలుపుకి కళ్ళు తెరిచింది.

సుప్రియ వేలు ఒక పేజీ మీద ఉంది. అరవై ఒకటో పేజీ.

"నాన్న పేరుంది."

"సదువు."

సుప్రియ ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. నాలుగో ట్యాంకు వాల్వు సరిగా మూసుకోవడం లేదని ఆపరేటరు చిన్నబాబు షిఫ్టు పుస్తకంలో ఆరు రోజుల్లో మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ దాని కింద షిఫ్టు అధికారి చదివినట్టు సంతకం ఉంది. మరమ్మతు చేసినట్టు మాత్రం ఎక్కడా లేదు. మృతుడి భార్య సాక్ష్యం ఈ పుస్తకంతో సరిపోయింది, ఆమె మాట నమ్మదగినది. గ్యాసు లీకయ్యాక చిన్నబాబు క్షేమంగా గేటు బయటికి వచ్చేశాడు. హెల్పరు పరదేశి లోపలే ఉండిపోయాడని తెలిసి, అతన్ని పేరు పెట్టి పిలుస్తూ లోపలికి పరిగెత్తడం కాపలా మనిషి చూశాడు. ఇద్దరి శవాలూ ట్యాంకు దగ్గర ఒకే చోట దొరికాయి. వాల్వు చక్రం సగం బిగించి ఉంది. ఈ ప్రమాదంలో మానవ తప్పిదమనేది ఉంటే, అది ఆ పుస్తకంలో సంతకాలు పెట్టి ఊరుకున్న ఫ్యాక్టరీ అధికారులది. వాళ్ళ మీద కేసు పెట్టాలి.

సుప్రియ ఆగింది. కాసులమ్మ లేచి పెరట్లోకి వెళ్ళింది. పొద్దున్న తోమేసిన గిన్నెలే మళ్ళీ తోమింది. కడిగి బోర్లించి, లోపలికి వచ్చి, మళ్ళీ అదే చోట కూర్చుంది.

"ఆ గేటు బయటన్న కాడి నుంచి మల్లీ సదువు," అంది.

మూడుసార్లు చదివించుకుంది. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. ఎన్నో రోజులు మోసిన బరువు దించినప్పుడు భుజం తేలికపడే ముందు నొప్పి పుడుతుందే, అలా ఉంది. నా మాట నమ్మదగినదని రాశాడా అని ఇంకోసారి అడిగింది. రాశాడని సుప్రియ చూపించింది. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి ఆ వరస పొడుగునా నడిపించుకుంది.

సుప్రియకి మాత్రం కోపం వచ్చింది. ఇంత తెలిసిన మనిషి, ప్రభుత్వం అబద్ధం చెబుతుంటే ఎనిమిదేళ్ళు నోరు విప్పకుండా ఎలా కూర్చున్నాడంది. ఒక్క పేపరుకి చెప్పినా సరిపోయేది కదా అంది. ఇప్పుడు పదవి ఇస్తే పుచ్చుకున్నాడంది.

"రాసిందీ ఆయనే, రాసి ఊరుకుందీ ఆయనే," అంది కాసులమ్మ. "మంచోడో సెడ్డోడో నాను తేల్చలేనే. ఆయన మీద కోపం తెచ్చుకోడానిక్కూడా ఓపిక కావాల గదేటి."

సోమవారం పొద్దున్న పనికి వెళ్ళే ముందే త్రినాధరావు వచ్చాడు. గుర్తులు పెట్టిన పేజీల కోసం. సుప్రియ కుర్చీ వేసి, ఒకే ఒక పేజీ చదివి వినిపించింది. వింటున్నంతసేపూ అతను నేల చూస్తూ కూర్చున్నాడు. అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"డూటీలో ఉన్నోడు సూసుకోవద్దేటని నానూ అన్నాను," అన్నాడు. "సావింట్లోనే అన్నాను. నువ్విన్నావో నేదో."

"ఇన్నాను బావా."

తరవాత అతనే, మెల్లగా, పార్టీ సంగతి ఎత్తాడు. మానవ తప్పిదమని ఆ రెండు పేజీల నోటు రాయించింది తమ ప్రభుత్వమే. ఫ్యాక్టరీవాళ్ళ పేర్లు తీసేసింది కూడా తమవాళ్ళే అయి ఉండాలి. ఇది బయటికి వస్తే టెంటు కింద కూర్చున్నవాళ్ళంతా ఏమైపోతారు? మాజీ మంత్రి రాజకీయంగా లేవలేడు. పోరాటం న్యాయమైనదే అయినా... అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేక వదిలేశాడు. రిపోర్టు తిరిగి ఇచ్చేయమన్నాడు. సుప్రియ ఇచ్చేసింది. ఆమె ముందు రోజు సాయంత్రమే మొత్తం జిరాక్సు తీయించింది. ఆ కట్ట టీవీ పక్కన బల్ల మీదే ఉంది. త్రినాధరావు దాన్ని చూశాడు. చూసి, చూడనట్టు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

జిరాక్సు షాపు నుంచో, మరెక్కడి నుంచో సంగతి పొక్కింది. బుధవారం పాలక పక్షం మనిషి ఒకతను బెల్లం కొట్టుకి వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. జడ్జి గారు ఎంత నిజాయితీపరుడో ఆ పేజీ పట్టుకుని ఆమే విలేకరుల ముందు చెబితే ప్రతిపక్షం నోరు మూతపడుతుందన్నాడు. కారు పంపిస్తామన్నాడు. అయితే రిపోర్టు మొత్తం మీ ప్రభుత్వం బయటపెడుతుందా, అందులో రాసిన అధికారుల మీద కేసు పెడుతుందా అని ఆమె అడిగింది. అది పైవాళ్ళు చూసుకుంటారని, ఆ అధికారుల్లో కొందరు ఇప్పుడు కంపెనీలో పెద్ద హోదాల్లో ఉన్నారని, అన్నీ ఒకేసారి కుదరవని అతను చెప్పాడు. కాసులమ్మ విని, పనుందని చెప్పి, దిమ్మల వరస దగ్గరికి వెళ్ళిపోయింది.

గురువారం జడ్జి గారు చైర్మన్‌గా ప్రమాణం చేశారు. టీవీలో అర నిమిషం చూపించారు. ఆ సాయంత్రమే నెహ్రూచౌక్‌లో టెంటు విప్పేశారు. మాజీ మంత్రి వేరే సమస్య మీద వేరే జిల్లాకి వెళ్ళాడు. ఫ్లెక్సీని ఎవరో కొబ్బరిబోండాల బండి మీద ఎండ తగలకుండా కప్పుకున్నారు.

తరవాతి ఆదివారం తల్లీకూతుళ్ళు షేర్ ఆటో ఎక్కి కశింకోట వెళ్ళారు. చిన్నమ్మలు ఇంటి ముందు చాప మీద గోంగూర కట్టలు కడుతోంది. సాయంత్రం వీధుల్లో తిరిగి అమ్ముకుంటుంది. వీళ్ళని గుర్తుపట్టి చేతులు ఆపింది గాని, రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఎనిమిదేళ్ళలో ఆమె జుట్టు చాలా తెల్లబడింది. కాసులమ్మ తను అనుకుని వచ్చిన మాటలన్నీ మరిచిపోయింది.

"ఒక కాయితం తెచ్చేం. ఇను. ఇన్నాక ఎల్లిపోమంటే ఎల్లిపోతాం," అంది.

సుప్రియ నిలబడే చదివింది. ఈసారి ఇంగ్లీషు చదవలేదు. తెలుగులో తనే శుభ్రంగా రాసుకొచ్చింది. చిన్నమ్మలు చేతిలో సగం కట్టిన కట్ట అలాగే ఉంది. పేరు పెట్టి పిలుస్తూ లోపలికి పరిగెత్తాడన్న చోట ఆమె చెయ్యి ఎత్తింది.

"పరదేశీ అని పిలిసేడా?"

"పిలిచాడంట. కాపలా ఆయన చెప్పాడు," అంది సుప్రియ.

"ఆడు పలికేడా?"

అది రిపోర్టులో లేదు. సుప్రియ తల్లి వైపు చూసింది. ఆ సంగతి రాయలేదని కాసులమ్మ తల అడ్డంగా ఊపింది. చిన్నమ్మలు మళ్ళీ చదవమంది. రెండోసారి అయ్యాక కట్ట పక్కన పెట్టి, చాప మీద ఆకులు ఒక వైపుకి తోసింది.

"ఊరందరూ అదే అనీవోరు," అంది. "అందరి కంటే గట్టిగా నానే అన్నాను. పిల్లలకీ అదే సెప్పి పెంచేను."

పర్వాలేదని అనడానికి కాసులమ్మకి నోరు రాలేదు, ఎందుకంటే పర్వా ఉంది. అలాగని దెప్పడానికీ మనసొప్పలేదు.

"కూసో అప్పా," అంది చిన్నమ్మలు, ఖాళీ చేసిన చోటు చూపించి. అలా అక్కని పిలిచినట్టు పిలిచి ఎనిమిదేళ్ళయింది. ఇద్దరూ కూర్చుని, మిగిలిన గోంగూర కలిసి కట్టారు. పిల్లలేం చేస్తున్నారని ఒకరినొకరు అడిగారు. మోకాళ్ళ నొప్పులకి ఏ మాత్రలు వాడుతున్నారో చెప్పుకున్నారు.

ఆ తరవాత జరిగిందంతా కాగితాల పని. అనకాపల్లి కోర్టులో ప్రాక్టీసు చేసే బిందుమాధవి అనే ప్లీడరు సుప్రియకి ల్యాబులో పరిచయం. రిపోర్టు బయటపెట్టాలని, అందులో చెప్పిన చర్యలు తీసుకోవాలని ఆ కొత్త ట్రిబ్యునల్‌కే దరఖాస్తు పెట్టొచ్చని ఆమె చెప్పింది. ఆమే రాసి పెట్టింది. ఆ జడ్జి దగ్గరికే వెళ్ళడమా అని సుప్రియ నసిగింది. ఆయన రాసిందే ఆయన్ని చదవమందాం అంది కాసులమ్మ. కాసులమ్మ, చిన్నమ్మలు, తరవాత అదే పేజీ విన్న మూడో ఇంటివాళ్ళు సంతకాలు పెట్టారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు.

రెండున్నర నెలలకి జవాబు వచ్చింది. దరఖాస్తుకి నంబరు వేశారు. చైర్మన్ గారు ఇదే ప్రమాదం మీద ఇదివరకు కమిషన్‌గా పని చేసినందువల్ల దీన్ని ఆయన వినకూడదు. రెండో సభ్యుడు వినాలి. రెండో సభ్యుడి పదవి ఖాళీగా ఉంది. నియామకం జరిగాక తేదీ తెలియజేస్తారు. చట్టం ప్రకారం అది సరైనదేనని బిందుమాధవి చెప్పింది. ఎప్పుడు నియమిస్తారని అడిగితే నవ్వింది. త్రినాధరావు ఒకరోజు దారిలో కనిపించి, ఆ రెండో పదవికి ఎవరి పేరో వినిపిస్తోందని, దాని మీద కూడా తమ పార్టీ ఆలోచిస్తోందని చెప్పాడు. చెబుతూ చెబుతూ సిగ్గుపడ్డాడు. ఆరోగ్యం జాగ్రత్త బావా అని చెప్పి కాసులమ్మ ముందుకి నడిచింది.

చిన్నమ్మలుకీ అలాంటి ఉత్తరమే వచ్చింది. ఫోను చేసి అందులో ఏముందని అడిగింది. కాసులమ్మ చెప్పింది.

"ఎన్నాళ్ళంట?"

"అది రాయనేదు."

"సర్లే. మరి ఆ గొలుగొండ ఆవిడ కాడికి ఎప్పుడెల్దాం? దానికింకా ఎవులూ సెప్పనేదు గదా."

పోయిన నాలుగోవాడు భీమన్న. గొలుగొండ అవతల కొండ మీద మెట్ట పంట వేసుకునేవాడు. ఆ ఏడు వానల్లేక ఫ్యాక్టరీలో చేరిన మనిషి. అతని భార్య సీతాలమ్మ ఫోను వాడదు. ఆమె కూడా ఇన్నాళ్ళూ తప్పు చిన్నబాబుదే అనుకుని ఉంటుంది.

ఆదివారం సుప్రియకి డ్యూటీ పడింది. చిన్నమ్మలు తనే చదువుతానంది. ఇద్దరూ పొద్దున్నే నర్సీపట్నం బస్సెక్కారు. కిటికీ పక్క సీటు కాసులమ్మకి ఇచ్చి, చిన్నమ్మలు సుప్రియ రాసిన కాగితం తీసి, పెదాలు కదుపుతూ ఒక్కో మాట కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. ఆపరేటరు అన్న దగ్గర తడబడి రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. కాసులమ్మ వారమంతా పని చేసిన ఒంటితో సీటుకి జారగిలబడి, ఆ గొణుగుడు వింటూనే నిద్రలోకి జారుకుంది. నర్సీపట్నంలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. అక్కడి నుంచి కొండ మీదికి ఎంత దూరం నడవాలో ఇద్దరికీ తెలియదు.